రెండు జవాబుల ప్రశ్న

సున్నా కంటే తక్కువ మార్కులతో ఇంటికి తిరిగొచ్చిన జట్టును జ్యోత్స్న ఒక్కసారే చూసింది. ఆ జట్టును వెంటబెట్టుకుని పోయింది తనే.

గోదావరికి ఇవతల, మరాఠీ నేల అంచున ఉన్న సిరొంచలో ఒక కాలేజీలో ఆమె చరిత్ర చెబుతుంది. పర్మినెంటు ఉద్యోగం కాదు, గంటల లెక్క. ఏటా కాలేజీ తెరిచేటప్పుడు ప్రిన్సిపాల్ కబురు పెడితే ఉద్యోగం ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. సొంతూరు అంకిస. తాత బతుకంతా ఒకరి పొలంలో కూలి చేశాడు. నాన్న కొండన్న ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కల్లాల్లో, వానాకాలం వరి మళ్లలో పనిచేసి ఆమెను ఎమ్మే దాకా చదివించాడు. రోజూ పొద్దున్నే అంకిస నుంచి బస్సులో పోయి, నల్లబల్ల ముందు నిలబడి, మరాఠీలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకునే జీవితం ఆమెది. దాని మీద ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు, ఆ పోటీకి పోయి వచ్చేదాకా.

ఎక్కడో దూరాన ఒక పెద్ద కాలేజీలో క్విజ్ పోటీ అని కాగితం వచ్చింది. మరాఠీలో ప్రశ్నమంజూష అంటారు. పోవడానికి ఏ సారూ ముందుకు రాలేదు. జ్యోత్స్న ముగ్గురు పిల్లల్ని ఏరుకుని బయల్దేరింది. అందులో భీము అనే అబ్బాయి మీద ఆమెకు ఆశ ఎక్కువ. అడవిలోని ఊరు వాడిది. ఇంట్లో గోండి, బజార్లో తెలుగు, క్లాసులో మరాఠీ. ఏది చదివినా మళ్లీ మరిచిపోడు. గుంతల రోడ్డు మీద పొద్దంతా బస్సులో ఊగి, మర్నాడు ఆ హాల్లో కూర్చున్నారు.

బల్ల మీద ఎర్ర బటన్ ఉన్న బజర్. అలాంటి దాన్ని ముగ్గురిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ముందు చెప్పి, నొక్కించి, అలవాటు చేయాలని జ్యోత్స్నకూ తట్టలేదు. మొదటి ప్రశ్న చదవడం మొదలుపెట్టగానే, ఇది పనిచేస్తుందో లేదో చూద్దామని భీము నొక్కాడు. లైటు వెలిగింది.

"చెప్పండి, జవాబు?" అన్నాడు ప్రశ్నలు చదివే ఆయన.

భీము ప్రశ్నే వినలేదు. పది మార్కులు కోశారు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ముగ్గురిలో ఎవరూ ఆ బటన్ మీద చెయ్యి వేయలేదు. పోటీ అయ్యేసరికి బోర్డు మీద వాళ్ల కాలేజీ పేరు ఎదురుగా మైనస్ పది అని ఉంది.

తిరుగు ప్రయాణంలో భీము అడిగాడు.

"మేడం, నేనది నొక్కకపోతే కనీసం సున్నా అన్న ఉంటుండె గద?"

"తప్పు నీది గాదు, భీమూ. నేను నేర్పలే," అంది జ్యోత్స్న. వాడు కిటికీ వైపు తిరిగాడు.

కొన్ని వారాలకు వాడు కాలేజీకి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే గోదావరి అవతల తెలంగాణలో మిర్చి ఏరుతున్నానన్నాడు. "ఇగ చదువు నాతోని కాదు మేడం" అన్నాడు. పరీక్షలకైనా రమ్మని ఆమె బతిమాలింది. సరే చూస్తానన్నాడు. రాలేదు. వాడు చదువు మానింది ఆ నవ్వు వల్లనో, ఇంట్లో గడవకనో ఆమెకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ హాలు నవ్వు మాత్రం ఆమె చెవుల్లో ఉండిపోయింది.

మరుసటి ఏడు ఆమె ప్రిన్సిపాల్ దగ్గరికి పోయింది. ఎన్నడూ బజర్ ముట్టని పిల్లల కోసమే ఇక్కడ మనమే ఒక పోటీ పెడదాం, తప్పు చెబితే మార్కులు కోయొద్దు, చుట్టుపక్కల కాలేజీలను పిలుద్దాం అంది. ప్రిన్సిపాల్ నాగపూర్ వైపు మనిషి. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. బాగానే ఉంది కానీ ప్రశ్నలు ఎవరు రాస్తారు అని మరాఠీలో అడిగాడు.

"నేనే రాస్తాను సార్," అంది జ్యోత్స్న.

ఎంత పెద్ద మాట అన్నదో ఆ వేళ ఆమెకు తెలియదు.

మొదట సులువనిపించింది. బజార్లో దొరికే జనరల్ నాలెడ్జ్ గైడు ముందు పెట్టుకుని రాసేసింది. ఏ దేశానికి ఏది రాజధాని, ఏ కప్పు ఏ ఆటకు, ఏ అవార్డు ఎవరికి. ఆ కాగితాల కట్ట పట్టుకుని ఫస్టియర్ పిల్లల్ని కూర్చోబెట్టి అడిగి చూసింది. సైన్సు ల్యాబులో పనిచేసే శంకర్ ఇళ్లకు పెట్టే కాలింగ్ బెల్లు స్విచ్చులతో, రంగు బల్బులతో బజర్లు చేసి ఇచ్చాడు. వాటి ముందు పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక ప్రశ్న పోయింది, ఇంకొకటి పోయింది. బల్బు వెలగలేదు. చివరికి ఒక పిల్ల ఏడుపు మొహంతో అంది:

"మేడం, గిది ఎర్కున్నోళ్లకు ఎర్కుంటది, లేనోళ్లకు లేదు. కూసోని సోచాయించినా ఏమొస్తది?"

ఆ మాట జ్యోత్స్నను కుదిపేసింది. ఆ గైడు కొనుక్కోగలిగినవాడు నొక్కుతాడు, మిగిలినవాళ్లు చూస్తుంటారు. తను మళ్లీ ఆ పెద్ద కాలేజీ హాలునే ఇక్కడ కడుతోంది. రాసినవన్నీ పక్కన పడేసింది.

అప్పటి నుంచి ఆమెకు మరో ధ్యాస లేదు. ప్రశ్న పొడుగ్గా ఉండాలి. మొదట జవాబును పట్టించే కష్టమైన గుర్తు చెప్పాలి, తర్వాత కాస్త సులువైనది, చివరికి అందరికీ అందేది. బాగా తెలిసినవాడు మొదట్లోనే నొక్కుతాడు, ఆలోచించేవాడు నడుమ నొక్కుతాడు, ఎవరికీ పూర్తిగా చేతులు ముడుచుకునే గతి పట్టదు. చెప్పడానికి ఇంతే. రాయబోతే ఒక్కో ప్రశ్న ఒక్కో గండం. మొదటి గుర్తుకు ఇంకో జవాబు కూడా సరిపోయేది. దాన్ని మారిస్తే జవాబు ముందే బయటపడేది. తను సులువనుకున్నది పిల్లలకు తెలియదు, తను కష్టమనుకున్నది చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నెట్‌లో ఒకచోట ఒక సంవత్సరం, మరోచోట ఇంకో సంవత్సరం. ఏది నిజమో తేల్చుకోవాలంటే పుస్తకం కావాలి. కాలేజీ గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉండదు. అంకిసలో సిగ్నల్ రాక, రోడ్డు మీదికొచ్చి ఫోన్ ఎత్తిపట్టుకుని నిలబడేది. బస్సులో రాసేది, స్టాఫ్‌రూంలో కొట్టేసేది. అన్నం ముందు కూర్చుని, తినడం మరిచి, పెదవులు కదిలించేది.

"పరీక్ష నీకా, పోరగాండ్లకా బిడ్డా?" అన్నాడు కొండన్న ఒకరోజు. "మొకం జూడు ఎట్లయిందో. గింత పరేషాన్ ఎందుకు?"

"ఒక్కటి తప్పు పోయినా ఒక పిల్లగాడు ఆగమైతడు నాయినా."

కొండన్నకు అర్థం కాలేదు. చల్లారిన అన్నం తీసి వేడిది పెట్టమని భార్య మల్లక్కకు చెప్పి బయటికి పోయాడు.

ఎట్టకేలకు ప్రశ్నలు పూర్తయ్యాయి. జ్యోత్స్నకే ముచ్చటేసేంత బాగా వచ్చాయి. జిరాక్సుకు ఇచ్చి, కాపీలు బీరువాలో పెట్టి తాళం వేసింది. పోటీ ఇంకా రెండు మూడు రోజులుందనగా, వాళ్ల కాలేజీ జట్టులోని రాము స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాలేక, పోలేక నసిగాడు.

"ఏంది రామూ?"

వాడు ఫోన్ చూపించాడు. వాట్సాప్‌లో ఆమె ప్రశ్నలు, పేజీ తర్వాత పేజీ. జిరాక్సు కొట్లో కంప్యూటర్‌లో ఉన్న ఫైలును ఎవడో ఫోటోలు తీశాడు. ఎవరెవరికి చేరాయో ఎవరికీ తెలియదు.

"నేను సదవలే మేడం. సగం సూసి ఆపిన," అన్నాడు రాము తల వంచుకుని.

జ్యోత్స్న అప్పటికప్పుడు లేచి పోయింది. పోటీ వాయిదా వేయమని ప్రిన్సిపాల్‌ను అడిగింది. ఆయన ససేమిరా అన్నాడు. ముఖ్య అతిథికి కబురు పోయింది, దూరం నుంచి జట్లు బయల్దేరుతున్నాయి, అదే రోజు కాలేజీ వార్షికోత్సవం. ఉన్న ప్రశ్నలే అడిగేద్దాం, చూసినవాళ్లెవరో మనకేం తెలుసు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తన కాలేజీ పిల్లలు చూసిన ప్రశ్నలతో పక్క ఊళ్ల పిల్లల్ని ఓడించడం కంటే పోటీ లేకపోవడమే మేలంది. సరే, అయితే కొత్తవి రాసుకో అని ఆయన ఫైళ్లలో తల దూర్చాడు.

నెలల పాటు రాసినదాన్ని ఆమె ఆ కాస్త వ్యవధిలో మళ్లీ రాసింది. ఒకదాన్ని సరిచూసుకునే తీరిక లేదు, ఇంకొకరికి వినిపించే వీలు లేదు. ఎవరికి వినిపిస్తే ఎక్కడికి పోతుందోనని భయం. తెలిసిన విషయాలైతే తప్పు పోవని, చుట్టుపక్కల సంగతులు ఎక్కువగా వేసింది. నదులు, కోట, అడవి. గుర్తులు పేర్చే తీరిక లేక కొన్నిటిని ఒక్క ముక్క ప్రశ్నలుగానే వదిలేసింది. సరిగ్గా పోటీకి సరిపోయేన్ని అయ్యాయి. విడిగా దాచుకోవడానికి ఒక్కటి కూడా మిగల్లేదు.

పోటీ రోజు హాలు నిండింది. ప్రశ్నలు చదివే పని మరాఠీ లెక్చరర్ ప్రభాకర్‌ది. గొంతు బాగుంటుంది, కాగితంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చదువుతాడు. జ్యోత్స్న పక్క బల్ల దగ్గర మార్కులు వేస్తోంది. మొదట్లో బల్బులు వెలగలేదు. తర్వాత ఒకటి వెలిగింది. తప్పు జవాబు. ఎవరూ నవ్వలేదు, మార్కులు పోలేదు. ఆ పిల్లాడు మళ్లీ నొక్కాడు. మధ్యాహ్నానికి బల్లల మీద చేతులు ముందుకొచ్చాయి. జ్యోత్స్న గుండెల్లో ఇన్నాళ్ల బరువు కొంచెం దిగింది. ఆమె కాలేజీ జట్టు ముందే ఓడిపోయింది, దానికి ఆమెకు బాధ కలగలేదు.

చివరి పోటీకి రెండు జట్లు మిగిలాయి. ఒకటి వేరే తాలూకా ముల్చేర నుంచి వచ్చింది. దాని నాయకుడు సచిన్, ఎప్పుడో అక్కడికి వలసొచ్చి స్థిరపడ్డ బెంగాలీ ఇంటి కుర్రాడు, మరాఠీ గలగలా మాట్లాడతాడు. రెండోది ఈ తాలూకాలోనే రేగుంట వైపు ఆడపిల్లల జట్టు. నాయకురాలు సింధూజ. సన్నగా, బెదురు చూపులతో ఉంటుంది. పొద్దున మొదటి ఆటలో స్విచ్చు వైపే చూడలేదు. సాయంత్రానికి ప్రశ్న పూర్తికాకముందే నొక్కే దాకా వచ్చింది. మార్కులు సమానంగా ఉన్నాయి. ఇక ఒక్కటే ప్రశ్న.

"మన సిరొంచ తాలూకాలో గోదావరిలో కలిసే నది ఏది?" అని చదివాడు ప్రభాకర్.

సింధూజ బల్బు వెలిగింది.

"ఇంద్రావతి."

ప్రభాకర్ కాగితం చూశాడు. "తప్పు." సచిన్ వైపు తిరిగాడు.

"ప్రాణహిత."

"సరైన జవాబు!"

చప్పట్లు మోగాయి. జ్యోత్స్న చేతిలో పెన్ను ఆగిపోయింది. ప్రాణహిత సిరొంచ పక్కనే గోదావరిలో కలుస్తుంది, నిజమే. కింద సోమనూరు దగ్గర ఇంద్రావతీ కలుస్తుంది. అదీ ఈ తాలూకాయే. తనకు తెలియనిది కాదు. రాసేటప్పుడు ఊరి పక్కనున్న నది ఒక్కటే కళ్ల ముందు నిలిచింది. ఆ హాల్లో సగం మందికి ఈ సంగతి తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. కాగితంలో ఉన్నదే జవాబని అందరూ ఊరుకున్నారు.

రేగుంట పిల్లల బల్ల ఆమెకు దగ్గర్లోనే ఉంది. సింధూజ పక్కనున్న పిల్ల ఆమెను గుసగుసగా అడగడం వినిపించింది.

"ఏమే, సోమనూరుల కలిసేది ఇంద్రావతే గద? మీ అమ్మమ్మోళ్ల ఊరే గద అది?"

"ఊకో," అంది సింధూజ. "మనం సూసింది పుస్తకంల లేదేమో."

ముఖ్య అతిథి బహుమతి ఇవ్వడానికి లేచాడు. జ్యోత్స్న కూడా లేచింది.

"ఆగండి," అంది మరాఠీలో, తన గొంతు తనకే కొత్తగా వినిపించేంత గట్టిగా. "ఆ ప్రశ్న తప్పు. దానికి రెండు జవాబులున్నాయి. ఆ అమ్మాయి చెప్పింది కూడా సరైనదే. తప్పు రాసింది నేను."

హాల్లో గోల మొదలైంది. ముల్చేర పిల్లలు మేం గెలిచాం కదా అని లేచారు. ప్రిన్సిపాల్ పక్కకొచ్చి పళ్లబిగువున, ఇప్పుడు కాదు, అతిథి నిలబడి ఉన్నారు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. తర్వాత అంటే ఎప్పుడు సార్, వాళ్లు బస్సెక్కి పోయాకా అంది జ్యోత్స్న. కాసేపు వాదన నడిచింది. చివరికి ప్రభాకరే మధ్యలోకి వచ్చాడు. ముందు నొక్కింది రేగుంట పిల్లే అయినా, ముల్చేర వాళ్లు చెప్పిందీ ఒప్పే, గెలిచారన్నాక వాళ్ల దగ్గర లాక్కోలేం, కాబట్టి ఆ ప్రశ్నను కొట్టేద్దాం, ఇంకో ప్రశ్న అడుగుదాం అన్నాడు. అందరూ సరేనన్నారు. ప్రభాకర్ ఆమె వైపు చెయ్యి చాపాడు.

"ఇంకో ప్రశ్న ఇవ్వండి మేడం."

లేదు. ఆ మాట చెప్పలేక ఆమె మైకు తనే తీసుకుంది.

హాలంతా ఆమె మొహం చూస్తోంది. ఇన్ని నెలలు ప్రశ్నలతో నిండిపోయిన తల ఆ క్షణాన ఎండిన బావిలా ఉంది. సిరొంచ సంగతి అడిగితే ముల్చేర వాళ్లకు అన్యాయం. పుస్తకం సంగతి అడిగితే సరిచూసుకునే దారి లేదు. రెండు ఊళ్ల పిల్లలూ పుట్టినప్పటి నుంచి చూసింది, రెండో జవాబు లేనిది, తను కళ్లు మూసుకుని ప్రమాణం చేయగలిగింది ఏదైనా ఉందా? అరచేతులకు చెమట పట్టింది. ఆ చేతులు చూసుకునేసరికి తునికాకు కోసం నాన్న వెంట అడవికి పోయిన ఎండాకాలాలు గుర్తొచ్చాయి.

"ఇది ఒక చెట్టు," అంది మెల్లగా. "దీని లేత ఆకును అరచేతుల్లో నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది."

ఆమె కళ్లు సింధూజ మీదే ఉన్నాయి. ఆ పిల్ల చెయ్యి చటుక్కున లేచి స్విచ్చు మీదికి వచ్చింది. అక్కడే ఆగింది. వేలికీ స్విచ్చుకూ మధ్య గడ్డిపోచంత దూరం. నొక్కు తల్లీ అని జ్యోత్స్న లోపల్లోపల మొక్కుకుంది. వేలు కదల్లేదు.

"వానాకాలం తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది," అంది. ఇంకా ఆగడానికి వీల్లేదు. "దీని చేవలో నూనె ఉంటుంది, చెద అంత సులువుగా పట్టదు..."

సచిన్ బల్బు వెలిగింది. "సాగవాన్!"

టేకు. జవాబు సరైనదే. ఈసారి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. ముల్చేర పిల్లలు ఎగిరి గంతేశారు. సింధూజ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

బహుమతులు ఇస్తుండగానే జ్యోత్స్న బస్టాండుకు పోయింది. బహుమతులకు ఆగకుండా వచ్చేసిన రేగుంట పిల్లలు బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి లేచారు.

"కూసోండి, కూసోండి," అని ఆమె సింధూజ పక్కన కూర్చుంది. "ఆకు నలిపితే అనంగనే నీకు ఎర్కయింది గద?"

సింధూజ తలూపింది.

"మరెందుకు నొక్కలే బిడ్డా?"

ఆ పిల్ల రోడ్డు వైపు తిరిగింది. అటే చూస్తూ అంది:

"ఇంద్రావతి గూడ నాకు ఎర్కుండే చెప్పిన గద మేడం."

జ్యోత్స్నకు దుఃఖం ఆగలేదు. అంతమంది ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే చాలనుకుంది. ప్రశ్నను కొట్టేయగలిగింది. కానీ ప్రభాకర్ 'తప్పు' అన్న మాటను ఆ పిల్ల చెవిలో నుంచి తీసేయలేకపోయింది. భీము తర్వాత ఇంకొకరు. మార్కులు కోయకుండా, ఎవరూ నవ్వకుండా, ఇంత జాగ్రత్తపడి కూడా.

"నన్ను అప్పుడే ఎందుకు అడగలే? గిది ఒప్పే అని లొల్లి జేయొచ్చు గద?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"అడగొచ్చా మేడం?" అంది సింధూజ, నిజంగానే తెలియక.

బస్సు వచ్చింది. పిల్లలు ఎక్కారు. జ్యోత్స్న అక్కడే నిలబడిపోయింది. అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. పోటీ నియమాలన్నీ రాసిన తనే ఆ ఒక్కటి రాయలేదు.

మరుసటి జూన్‌లో ప్రిన్సిపాల్ ఆమెకు గంటలు బాగా తగ్గించాడు. క్విజ్ మళ్లీ పెడదామంటే, ప్రశ్నలు బయటి నుంచి తెప్పిద్దాం, మీకెందుకు శ్రమ అన్నాడు. ఆమె వాదించలేదు. గంటలు లేని రోజుల్లో రేగుంట బస్సెక్కడం మొదలుపెట్టింది. అక్కడ సింధూజ వాళ్ల కాలేజీలో ఖాళీ గది ఇచ్చారు. పిల్లలకు జవాబులు నేర్పలేదు, ప్రశ్నలు రాయించింది. ఒకరు రాస్తే మిగిలినవాళ్లు దాన్ని చీల్చి చెండాడాలి. ఇందులో రెండో జవాబు దూరుతుందా, ఈ మాటకు రెండర్థాలున్నాయా, దీన్ని ఎక్కడ చూసి రాశావు? మొదట్లో సింధూజ మూల కూర్చుని వినేది. మూడు నెలలకు జ్యోత్స్న రాసినవాటినే పట్టుకుని, "గిది నడవది మేడం" అనడం మొదలుపెట్టింది.

ఆ చలికాలం రేగుంట జట్టు వేరే ఊరికి పోటీకి పోయింది. జ్యోత్స్నకు అదే రోజు క్లాసు ఉండి పోలేకపోయింది. పొద్దుగూకేవేళ ఫోన్ మోగింది, మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. సిగ్నల్ కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

"ఓడిపోయినం మేడం!" అంటోంది సింధూజ. "ఆఖరు నుంచి రెండో నంబర్ మనది. గానీ ఆళ్లడిగిన ఒక ప్రశ్నే తప్పు మేడం! నేను లేచి అడిగిన. కూసోమన్నరు. కూసోలే. పెద్దసార్ దగ్గరికి పోయిన. ఆయన గూడ ఇనలే. మీరు జర ఇనుండ్రి, ఆ ప్రశ్న ఎట్లున్నదంటే..."

కోపంతో ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది. అవతల బస్సు హారను, పిల్లల అరుపులు. అంకిస రోడ్డు మీద చలిగాలిలో జ్యోత్స్న ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"చెప్పు, ఇంటున్న," అంది. "మొదటి నుంచి చెప్పు."